ప్రళయకావేరిలో పడవ మోటారు

మా సత్తువాచారి పక్కనే పాలారు ఉన్నది. పేరుకు పాలారు గాని, ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో కనిపించేది ఇసుకే. 2021 నవంబరులో ఒడ్డులొరసి పారినప్పుడు ఊరంతా పోయి చూసినాము. అట్టి మేము పడవ మోటారు బేరానికి పోయినామంటే పాఠకులు నవ్వవచ్చును. మా ఆఫీసు మిత్రుని మేనమామ ప్రళయకావేరిలో చేపలు పట్టి బ్రతికే మనిషి. ఆయన పాత మోటారు ఇక బాగుపడదన్నారు. కొత్తదానికి అప్పు చేయవలె. లెక్క చూసి పెట్టమని మమ్ము పిలిచినారు.

కాట్పాడిలో రైలెక్కి చెన్నై సెంట్రల్లో దిగినాము. అక్కడినుండి గుమ్మిడిపూండి లోకల్ బండిలో పొన్నేరికి, తరువాత బస్సులో పళవేర్కాడుకు చేరినాము. ఇంగ్లీషువారు పులికాట్ అన్నది ఈ ఊరినే. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నది. సముద్రానికి అడ్డంగా శ్రీహరికోట దీవి. డచ్చివారు ఇక్కడ 1613లో కోట కట్టినారు. వారి సమాధులు నేటికీ ఉన్నవి. నీరు చాలాచోట్ల నడుములోతు మించదు.

మేనల్లునికి 15 హార్స్ పవర్ మోటారు మీద మోజు. "పక్కవాళ్ల పడవ ఎట్లా పోతున్నదో చూడు మామా!" అన్నాడు. ఒడ్డున ఉన్న ముసలి మెకానిక్కు మాత్రం మోటారు మాటే ఎత్తలేదు. పడవ వెనుకపలకను సుత్తితో మెల్లగా తట్టినాడు. ఒకచోట ఖణేలుమన్నది, ఒకచోట బొద్దుగా మోగింది. "లోపల కొయ్య నానింది. పాత మోటారు ఇరవైయేడు కిలోలు. మీరడిగేది యాభై దాటుతుంది. వెనుక బరువెక్కితే ముందు లేస్తుంది, అలకు నీళ్లు వెనుకనుంచి వస్తవి" అన్నాడు.

తరువాత పలక ఎత్తు కొలిచినాడు. పదిహేను అంగుళాలు. దానికి పొట్టి షాఫ్టు మోటారే కావలె. ఇరవై అంగుళాలదానికి పొడుగు షాఫ్టు. పొడుగుది తగిలిస్తే ఈ లోతులేని నీటిలో పంకా బురద దున్నుతుంది. పొట్టిది ఎత్తు పలకకు తగిలిస్తే పంకా గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది.

టూ స్ట్రోకు తేలిక, కాని పెట్రోలులో ఆయిలు కలపవలె, తాగుడు ఎక్కువ. ఫోర్ స్ట్రోకు బరువు, కాని పెట్రోలు ఆదా. మేము కాగితం మీద రోజువారీ ఖర్చు వేసి చూపినాము. రోజూ వేటకు పోయే పడవకు ఆదాయే ముఖ్యమని తేలింది.

2011 డిసెంబరు 25న ఈ నీటిలోనే పడవ మునిగి 22 మంది పోయినారు. ఆ మాట ఎవరో ఎత్తగానే మేనల్లుడు మరి మాట్లాడలేదు.

చివరకు 8 హార్స్ పవర్ ఫోర్ స్ట్రోకు, పొట్టి షాఫ్టుది ఖాయమైంది. అదీ నలభై కిలోల దరిదాపే గనుక, ముందు వెనుకపలక మార్పించి ఆ తరువాతే మోటారు కొనాలని పెద్దాయన తీర్మానించినాడు. పెద్ద మోటారు మానుకొన్నందున మిగిలే సొమ్ము పలకకు సరిపోయింది, అప్పూ తగ్గింది.

"ఇరవై ఏండ్లు మమ్మల్ని మోసిన పడవ బాబూ, దాని సత్తువ చూసి గదా బరువు పెట్టాలె" అన్నాడాయన. బావికి పంపు కొనేవారికీ, పాత ఇంటిపై మేడ కట్టేవారికీ ఈ మాట పనికివస్తుందని పాఠకులకు మనవి చేస్తున్నాము.