నేను వెజ్ అండీ!

మా బేటీ శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో నౌకరీకి చేరి ఆర్నెల్లయింది. పోయిన నెల "అబ్బా, ఈసారి దావత్ నాది" అని పిలిచింది. నెల్లూరులో బస్సెక్కి తడలో దిగాను. 2022లో జిల్లాలు విడదీశాక తడ తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోటికి ఇంకా నెల్లూరే. ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు ఇసుజు బండ్ల ఫ్యాక్టరీ. జపాన్ ఇంజనీర్లు వచ్చినచోటికి జపాన్ వంట రాకుండా ఉంటుందా?

ఆరు బల్లల చిన్న హోటల్. భర్త వంట, భార్య గల్లాపెట్టె, కొడుకు ప్లేట్లు అందిస్తున్నాడు. ప్రతి బల్ల మధ్యలో బొగ్గుల కుంపటి. సన్నగా కోసిన మాంసం ఎవరికి వాళ్లే కాల్చుకోవాలి. దాన్ని యాకినికు అంటారట. పక్క బల్ల మీద రామెన్: పెద్ద గిన్నె నిండా షోర్వా, అందులో నూడుల్స్. ఆ ఆవిరి తగలగానే బక్రీద్ మర్నాడు అమ్మీ పొయ్యి మీద ఉడికే పాయా గుర్తొచ్చింది.

"ఆఫీసు వాళ్లతో బయటికెళ్తే ఏం తింటావ్ బేటా?" అనడిగాను.

"వెజ్ అని చెప్పేస్తా అబ్బా. గొడవుండదు."

గుండెలో కలుక్కుమంది. ఆ అబద్ధం నాదే. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరిన కొత్తలో, ప్రెస్‌మీట్ భోజనాల దగ్గర "హలాలేనా?" అని అడగాలంటే శరమ్‌గా ఉండేది. ఛాందసుడనుకుంటారేమోనని భయం. "సాయిబువై ఉండి వెజ్ ఏందయ్యా!" అని వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. అలా ఇరవై ఏళ్లు పప్పన్నంతో సరిపెట్టుకున్నాను. పిల్లకు నేనేదీ నేర్పలేదు. నన్ను చూసే నేర్చుకుంది.

లేచి గల్లాపెట్టె దగ్గరికెళ్లాను. "అమ్మా, మేం ముస్లింలం. ఇక్కడ మేం తినగలిగింది ఏముంది?"

ఆమె మొహం చిట్లించలేదు. "రామెన్ షోర్వా పంది ఎముకలదన్నా, సాసులో మందు కలుస్తుంది. ఆ రెండూ మీకొద్దు. కోడి మాత్రం సూళ్లూరుపేటలో మీవాళ్ల కొట్లోనే తెస్తాం. కత్తీ పలకా కడిగించి, ఉప్పూ నిమ్మకాయా పట్టించి ఇస్తా. కుంపటి మీద కొత్త జాలీ వేయిస్తా" అంది.

అమానత్ అంటే ఇదే కదా! రామెన్ ఖరీదు ఎక్కువ. నోరు మూసుకుని అదే అమ్ముకోవచ్చు.

బిస్మిల్లా అని ముక్కలు కాలుస్తూ బేటీకి నాకు తెలిసిన సంగతి చెప్పాను. రామెన్ చైనా నుంచి వలసొచ్చినవాళ్ల వంట. ఇక ఈ కుంపటి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో ఉండిపోయిన కొరియా గరీబుల చేతుల్లో పెరిగింది. బోటీ, పేగులు కాల్చుకు తింటారని వాళ్లను చిన్నచూపు చూశారు. ఇవాళ అదే జపాన్ దావత్. వాళ్లు తమ తిండిని దాచిపెట్టుకుని ఉంటే ఈ కుంపటి మన తడ దాకా వచ్చేదా?

బేటీ ఏమీ అనలేదు. పక్క బల్ల మీది రామెన్ వైపు చూస్తూ, "దాదీ పాయాలో సేమియా వేస్తే ఇలాగే ఉంటుందేమో" అంది.

సోమవారం రాత్రి ఫోన్ చేసింది. "క్యాంటీన్‌లో చెప్పేశా అబ్బా, వెజ్ కాదు, హలాల్ తింటానని."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. పాయా అంటే ఏంటని అడిగారు."

మీ పిల్లలు బయట ఏమని చెప్పుకుంటున్నారో ఓసారి అడిగి చూడండి. అంతకంటే ముందు, మనం ఇన్నాళ్లూ ఏమని చెప్పుకున్నామో గుర్తు చేసుకోండి.