విమానం దాటేదాకా ఆగే టీచరమ్మ

శంషాబాద్ బస్టాండు దగ్గర ఎక్కిన ఆటో విమానాశ్రయం ప్రహరీ పక్కనే చాలా దూరం పోయింది. గోడకు అవతల రన్‌వే, ఇవతల ఊళ్లు. వాటిలో ఒక ఊరి అంగన్‌వాడీకి చేరేసరికి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒకటే గది. గోడకు అక్షరాల చార్టులు, మూలన బరువు తూచే మిషన్, పక్కన ఆయమ్మ వంట. నేను చూడాలనుకున్నది అక్షరాలను కాదు, వాటికంటే ముందు రావలసిన మాటను. రెండు మూడేళ్ల పిల్లలకు మాట ఎలా వస్తోంది, రాకపోతే ఎవరు కనిపెడుతున్నారు?

టీచరమ్మ కూరగాయల బుట్టలోంచి వంకాయ తీసి ఒక పిల్లవాడి ముందు పెట్టింది. "ఇదేంది బిడ్డా?" అని అడిగి ఊరుకుంది. పక్కనున్న పెద్దపిల్ల చెప్పబోతే కళ్లతోనే వారించింది. అంతసేపు ఆగడం నావల్ల అయ్యేది కాదు. చివరికి వాడు "కాయ" అన్నాడు.

"అవ్, కాయ. వంకాయ. నున్నగున్నది సూడు. మీ అమ్మ వండుతదా?"

తప్పు అనలేదు. మళ్లీ పలకమని వెంటపడలేదు. వాడిచ్చిన ఒక్క మాటకు ఇంకొన్ని చేర్చి వాడికే తిరిగిచ్చింది. పిల్లల మాట మీద పనిచేసే నిపుణులు తల్లిదండ్రులకు నేర్పేది కూడా ఇదే: పిల్లవాడు చూస్తున్న వస్తువు గురించే మాట్లాడాలి, వాడి వంతు కోసం ఆగాలి, వాడన్నదాన్ని కాస్త పెంచి చెప్పాలి. ఆమె దాన్ని ఇంకా తేలిగ్గా చెప్పింది. "మనం తొందరపడితే ఆడు ఊకుంటడు మేడమ్. ఆని వంతు ఆనికి ఇయ్యాలె."

అంతలో నెత్తిమీదుగా విమానం పోయింది. టీచరమ్మ వాక్యం మధ్యలో ఆగి, చప్పుడు పూర్తిగా తగ్గాక అదే వాక్యాన్ని మొదటినుంచి మొదలుపెట్టింది. ఎందుకలా అని అడిగాను. "సగం మాట ఇంటే సగమే వస్తది గద!"

ఆమె చెప్పినదానికి దూరదేశంలో సాక్ష్యం ఉంది. 1992లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పాత విమానాశ్రయం మూసేసి కొత్తది తెరిచారు. ఆ మార్పుకు ముందూ తర్వాతా రెండు చోట్లా బడిపిల్లలను పరిశోధకులు పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గర పిల్లల చదివే శక్తి, జ్ఞాపకం దెబ్బతిన్నాయి, మాటను విని పోల్చుకోవడంలోనూ వాళ్లు వెనకబడ్డారు. పాతదాని దగ్గర చప్పుడు ఆగిపోయాక అక్కడి పిల్లల చదువు, జ్ఞాపకం మెరుగుపడ్డాయి. మనకూ 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు వచ్చేశాయి. మ్యూనిక్‌లో పరీక్షించింది పదేళ్ల ఈడు పిల్లలను. ఇక్కడ ఇప్పుడే మాట నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. రన్‌వే పక్క అంగన్‌వాడీలకు మందపాటి గోడలు, గట్టి కిటికీలు కట్టించడం మొట్టమొదట చేయవలసిన పని అని నా గట్టి నమ్మకం.

ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది విమానాశ్రయం చుట్టూ పుట్టిన కొలువుల్లోనే ఉన్నారు: హౌస్‌కీపింగ్, లోడింగ్, క్యాబ్‌లు, కట్టుబడి పనులు. రాత్రి షిఫ్టు దిగిన తల్లి పగలు పడుకోక తప్పదు. అప్పుడు బిడ్డ చేతికి ఫోన్ వస్తుంది. ఫోన్ ఎడతెగకుండా మాట్లాడుతుంది కానీ బిడ్డ జవాబు కోసం ఆగదు. ఏడాది లోపు పిల్లలకు అసలు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ తల్లిని మాత్రం నేను తప్పుపట్టలేను. అందుకే టీచరమ్మ ఆమెకు చెప్పేది చిన్న పని: నీళ్లు పోసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు మాట్లాడు, అంతే.

ఏ భాషలో? ఇక్కడ తెలుగుతోపాటు లంబాడీ, ఉర్దూ, ఒడియా, హిందీ ఇళ్లున్నాయి. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. తల్లికి బాగా వచ్చిన భాషే బిడ్డకు మేలు. టీచరమ్మ తండా పిల్లలతో లంబాడీలో నాలుగు మాటలు కలుపుతుంటే వాళ్ల ముఖాలు విప్పారడం చూశాను.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలై బిడ్డ బరువును లెక్కలోకి తెచ్చింది. నెలనెలా తూకం, గుడ్డు, బాలామృతం అన్నీ రిజిస్టరుకెక్కుతాయి. మాటకు అలాంటి నెలవారీ గడి ఉంటే ఎంత బాగుండు! ఏడాదికల్లా 'బబబ', 'మమమ' అనకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా చూపించాల్సిందే. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. వినికిడి లోపం, మాట ఆలస్యం కూడా వాళ్లు చూడవలసిన జాబితాలో ఉన్నాయి. అయితే ఆ రెండు రాకల మధ్య ఆరు నెలల ఎడం ఉంటుంది.

ఆ ఎడంలో కనిపెట్టేది టీచరమ్మే. తలుపు దగ్గర రెండున్నరేళ్ల బాబు ఒక్కడే డబ్బా మూతతో ఆడుకుంటున్నాడు. ఆమె వెనకనుంచి వెళ్లి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది. మిగతా తలలన్నీ తిరిగాయి, వాడి తల తిరగలేదు. ఇంకోసారి కొట్టినా అంతే.

మధ్యాహ్నం తల్లి వచ్చింది. "వాళ్ల నాయన గూడ లేటుగనే మాట్లాడిండట మేడమ్" అంది నాతో. చాలా ఇళ్లలో ఈ మాటే విలువైన నెలలను తినేస్తుంది. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు కావాలన్నది వైద్యులు పెట్టుకున్న గడువు. వినికిడిని తేల్చే బెరా పరీక్షకు బిడ్డ జవాబు చెప్పనక్కర్లేదు, నిద్రపోతుంటే చాలు. చెవిలో చప్పుడు వినిపించి, తలకు అంటించిన తీగల ద్వారా మెదడు స్పందనను చూస్తారు. లోపం తేలితే చెవి మిషన్ పెట్టి మాట నేర్పే శిక్షణ ఇవ్వడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

"మాటలొస్తయా టీచర్?" అని అడిగింది తల్లి.

"ముందు ఇంటున్నడో లేదో తెలవాలె గద. కోఠి ఈఎన్‌టీ దవాఖానకు పోవాలె. రేపు నీ డ్యూటీ ఎప్పుడు?"

"రాత్రి."

"అయితే పొద్దుగాల్నే పోదాం. ఆధార్ కార్డు తెచ్చుకో. నేనొస్త."