సియాంగ్ లోయలో నీలిచీమ

చక్కెర డబ్బాకి పట్టే ఎర్రచీమలూ, నల్లచీమలూ మనకి తెలిసినవే. నీలం రంగు చీమని ఎప్పుడైనా చూశారా? అది దొరికింది అరుణాచల్ ప్రదేశ్‌లో, సియాంగ్ లోయలోని యింగ్కు పల్లెలో. టిబెట్‌లో పుట్టిన ఆ నదే కిందికొచ్చి బ్రహ్మపుత్ర అవుతుంది.

పశువులు నడిచే నిటారు బాట. పొద్దుగూకే వేళ. చెట్టు మీద పదడుగుల ఎత్తున ఓ తొర్ర, అందులో ఏదో తళుక్కుమంది. పరిశోధకులు సన్న గొట్టంతో రెండు పురుగుల్ని పీల్చి పట్టారు. తీరా చూస్తే చీమలు! ఒక్కొక్కటీ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

అంతమాత్రాన కొత్తజాతి అనేస్తే కుదరదండీ. రంగు చూసి మోసపోకూడదని చీరల కొట్లో మనం నేర్చుకున్నదేగా! తల ఆకారం, పెద్ద కళ్లు, దవడకున్న అయిదు పళ్లు భూతద్దాల కింద పరీక్షించి, తెలిసిన చీమలతో పోల్చారు. ‘పారాపారాట్రెకినా’ కుటుంబీకురాలని తేలింది. ఆ ఇంటిపేరుతో మన ఉపఖండంలో అదివరకు తెలిసిన జాతి ఒక్కటే, 1902లో వర్ణించింది. 2024లో దీన్ని కొత్తజాతిగా ప్రకటించి, ‘నీల’ అని పేరు పెట్టారు. ఇంటిపేరుకి నోరు తిరగదు గానీ, పేరు మాత్రం మన పక్కింటమ్మాయిదే.