కొలిమి పక్కన మంచు బరి

2014 జనవరిలో మేము నలుగురు ఇంజనీర్లం ఉరాల్ నదీతీరాన ఉన్న మాగ్నిటోగోర్స్క్ నగరంలో దిగేసరికి ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉంది. విశాఖ సముద్రపు గాలికి అలవాటుపడిన మాకు అక్కడ ఊపిరి పీల్చడమే ఒక పరీక్షగా తోచింది. అయితే మంచు తెరల వెనుక నుంచి పొగగొట్టాల వరుస కనిపించగానే మనసు కుదుటపడింది. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు ఏ దేశంలో ఉన్నా మన ఊరి వంటిదే గదా!

ఈ నగరాన్ని ఉరాల్ నది రెండుగా విభజిస్తుంది. ఎడమ ఒడ్డున కర్మాగారం, కుడి ఒడ్డున అధికభాగం నివాసాలు ఉన్నాయి. భూగోళ శాస్త్రం ప్రకారం ఎడమ ఒడ్డు ఆసియా, కుడి ఒడ్డు ఐరోపా. ట్రాములో వంతెన దాటి కార్మికులు ఐరోపా నుంచి ఆసియాకు డ్యూటీకి వచ్చి, షిఫ్టు ముగియగానే తిరిగి ఐరోపాకు చేరుకుంటారు.

అయస్కాంత పర్వతమనే పేరుగల ఇనుప కొండ పాదాన 1929లో ఈ నగర నిర్మాణం ఆరంభమైంది. తొలి శీతాకాలాలను నిర్మాతలు గుడారాలలో, మట్టి గుడిసెలలో గడిపారు. వారిలో స్వచ్ఛందంగా వచ్చిన యువకులతోపాటు, పొలాల నుంచి బలవంతంగా తరలింపబడిన రైతు కుటుంబాలూ ఉన్నాయి. చలికి, ఆకలికి ఎందరో బలయ్యారు. 1932లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ ట్యాంకుల కవచాలకు ఉక్కునందించిన నగరమిదే. నేడు ఆ కొండలోని ఖనిజం చాలావరకు తరిగిపోయింది. బయటి నుంచి తెచ్చుకుంటున్నారు. సొంత గనులు లేని మన కర్మాగారపు ఉద్యోగులకు ఆ కష్టాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

1955 సంవత్సరానికి ఈ కథలో ప్రత్యేక స్థానముంది. ఆ ఫిబ్రవరిలో భిలాయి ఉక్కు కర్మాగారానికై భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. జూన్ మాసంలో పండిట్ నెహ్రూ ఈ నగరానికి వచ్చి కర్మాగారాన్ని సందర్శించారు. ఆ సంవత్సరమే ఇక్కడ ఐస్ హాకీ జట్టు ఆవిర్భవించింది. దాని పేరు 'మెటలర్గ్', అనగా లోహకారుడు.

రెండవనాటి సాయంత్రం ఆతిథేయులు మమ్ములను ఆటకు తీసుకువెళ్లారు. 2007 జనవరిలో ప్రారంభమైన 'అరేనా మెటలర్గ్'లో దాదాపు 7,700 మంది కూర్చోవచ్చు. ఉదయం ద్రవ ఇనుము ప్రవాహపు సెగకు ముఖం తిప్పుకున్న మేము, సాయంత్రానికి మంచు బరి ఎదుట కూర్చున్నాము. కాంక్రీటు పలక లోపల అమర్చిన గొట్టాలలో శీతల ద్రవం ప్రవహిస్తూ ఉంటుంది. పైన మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన మంచు. విరామ సమయంలో ఒక యంత్రం పైపొరను చెక్కి, పలుచగా వేడినీరు పరుస్తుంది. వేడినీటిలో కరిగిన గాలి తక్కువ కనుక మంచు గట్టిగా ఏర్పడుతుందని మా దుబాసీ వివరించగా, మాలోని ఇంజనీర్లు ఆటకన్న ముందు ఆ యంత్రాన్నే మెచ్చుకున్నారు.

బరిలో ఒక్కొక్క పక్షాన గోలీతో కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు విభాగాలు. 'పక్' అనే నల్లని రబ్బరు బిళ్ల ఎక్కడున్నదో మా కన్ను పసిగట్టేలోగా అది గోల్‌లో ఉండేది. సెర్గేయ్ మొజ్యాకిన్ అనే ఆటగాని కర్రకు పక్ తగలగానే ప్రేక్షకులందరూ లేచి నిలబడేవారు.

దశాబ్దాల పాటు ఈ జట్టు దిగువ శ్రేణులలోనే ఆడింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత, 1992లో అగ్రశ్రేణిలో అడుగుపెట్టింది. ఆ సంవత్సరమే కర్మాగారం వాటాల సంస్థగా మారింది. కొలిమి చేతులు మారినా జట్టును మాత్రం వదలలేదు. శిక్షకుడు వలేరీ బెలౌసోవ్ నేతృత్వాన 1999లో, 2001లో రష్యా విజేతగా నిలిచింది.

మా పక్కన రోలింగ్ మిల్‌లో పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు కూర్చున్నారు. దుబాసీ సాయంతో మేము ఆయనను ఎవ్గెనీ మాల్కిన్ గురించి అడిగాము. 1986లో ఈ ఊరిలోనే పుట్టి, ఈ క్లబ్బు పాఠశాలలోనే ఆట నేర్చిన యువకుడతడు. 2006 ఆగస్టులో క్లబ్బుతో ఒప్పందంపై సంతకం చేసిన కొద్దిరోజులకే, జట్టుతో హెల్సింకీ చేరి, విమానాశ్రయం నుంచి ఎవరికీ చెప్పక అదృశ్యమై అమెరికాలోని పిట్స్‌బర్గ్ జట్టులో చేరాడు. క్లబ్బు అమెరికా న్యాయస్థానాన్ని ఆశ్రయించినా ఫలితం దక్కలేదు.

వృద్ధుడు కొంతసేపు బరివైపే చూసి ఇలా అన్నారు: "చెప్పకుండా వెళ్లిన కొడుకు మీద ఇంట్లో కోపముండదా? ఉంది. అయినా అతడి ఆట ఉన్ననాడు తెల్లవారుజామునే లేచి టీవీ ముందు కూర్చుంటాను."

అతడు లేకుండానే 2007లో మెటలర్గ్ మళ్లీ విజేత అయింది. 2012లో అమెరికాలో లీగ్ యాజమాన్యాల, ఆటగాళ్ల వివాదంతో ఆటలు నిలిచిపోయినప్పుడు మాల్కిన్ తిరిగివచ్చి ఈ బరిలోనే ఆడాడు. ఆ మొదటి ఆటనాడు ఎవరైనా ఎగతాళి చేశారా అని మాలో ఒకరు అడిగారు. "ఇంటికి వచ్చినవాడిని ముందు అన్నం తిన్నావా అని అడుగుతాము. మీ ఊళ్లో వేరుగా అడుగుతారా?" అని వృద్ధుడు ఎదురు ప్రశ్నించారు.

మాకు వెంటనే జవాబు తోచలేదు. మనం ఉక్కునగరం బడులలో చదివించిన పిల్లలు నేడు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉన్నారు. మాలో ఇద్దరి పిల్లలు కూడా అప్పటికే అక్కడివారు. వెళ్లిన పిల్లలను తలచుకున్నప్పుడల్లా ముందుగా మనకు మిగిలిన లోటునే లెక్కవేసుకుంటున్నామన్న సంగతి ఆ మంచు బరి పక్కన మాకు మొదటిసారి తట్టింది.

మేము తిరిగివచ్చిన కొద్ది నెలలకే, 2014 ఏప్రిల్‌లో, కెనడా శిక్షకుడు మైక్ కీనన్ ఆధ్వర్యాన మెటలర్గ్, ప్రాగ్‌కు చెందిన 'లెవ్' జట్టును ఏడవ ఆటలో ఓడించి గగారిన్ కప్పు గెలిచింది. అంతరిక్షయాత్రికుడు యూరీ గగారిన్ పేర వెలసిన ఈ కప్పును 2016లో మాస్కో సైనిక జట్టుపై, 2024లో యారోస్లావ్ల్ 'లొకొమొటివ్'పై మరల సాధించింది.

2024 గెలుపు వార్త చదివిన సాయంత్రం మేము నలుగురం ఫోనులో పలకరించుకున్నాము. అప్పటికి ఇద్దరు ఉద్యోగ విరమణ పొందారు. ఆ వృద్ధుని పేరు అడిగి వ్రాసుకొననందుకు నలుగురమూ నొచ్చుకున్నాము. ఆ తరువాత, అక్కడ తెల్లవారే వేళ చూసుకుని, మాలో ఇద్దరు తమ పిల్లలకు ఫోను చేశారు. మొదట అడిగినది, ఆయన చెప్పిన ఆ ప్రశ్ననే.