బుట్టలోని జెర్రిపోతు

జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసే ఆ జీవికి ఉన్నదల్లా పిరికితనం. ఆ పిరికితనాన్నే మనం పగ అంటాం!

పాత ఆదిలాబాద్ జిల్లా జన్నారం దగ్గర, మా మేనమామ ఊళ్లో పాములాడించే ముసలాయన ఒకడు "ఇగ నాకు చాతనైతలేదు" అంటూ తన జెర్రిపోతును మామకు అప్పగించాడు. మూత తీస్తే చాలు, మెడ ఉబ్బించి మీదికి దూకేది. "పాలు పొయ్యుండ్రి, సల్లవడ్తది" అన్నది అత్తమ్మ. పాము పాలు తాగే జీవి కాదు. దాహంతో మాడిస్తే గతిలేక తాగుతుంది. మామ నీళ్లగిన్నె లోపల పెట్టి, బుట్టమీద గోనెపట్టా కప్పి, చీకటి మూలన ఉంచాడు. "ముట్టకుండ్రి, తొంగి సూడకుండ్రి." మందు అదే! రెండోనాటికి బుస తగ్గింది.

"మనమే ఉంచుకుందాం మామా" అన్నాను. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదని ఆయన అటవీశాఖకు కబురంపాడు. వాళ్లొచ్చి పొలాల అవతల వదిలారు.

ముసలాయన దూరంగా నిలబడి చూశాడు. "అది బతికింది. మరి నేనేం తినాలె?"

చెన్నై దగ్గర ఇరుళ తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల విషం తీసి, పాముకాటు మందు తయారీకి అమ్మి, పాముల్ని తిరిగి వదిలేస్తారు. ఆ సంగతి చెప్పాను.

"గది ఎంత దూరం బిడ్డా?" అన్నాడు.