డాక్టర్‌బాబు టెస్టు చేయించుకుంటే సీరియల్ అయిపోదూ!

కార్తీకదీపం సీరియల్ చూసి నవ్వుకున్నాం గానీ, రాసినవాళ్ల కష్టం ఎవరైనా ఆలోచించామా? 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, పదిహేను వందల ఎపిసోడ్ల పైమాటే. మలయాళం 'కరుత్తముత్తు' మూలం. అక్కడా మొదట్లో నాయిక పాత్ర మన వంటలక్క దీపగా చేసిన ప్రేమీ విశ్వనాథ్‌దే. ఇంతా చేసి కథకి ఆధారం ఒక్క అనుమానం, బిడ్డ తనది కాదని. మొగుడేమో స్వయానా డాక్టరు! ఆ డీఎన్ఏ టెస్టు జరక్కుండా ఏళ్ల తరబడి కాపలా కాయడం మాటలా చెప్పండి.

2022 మార్చిలో దీపనీ, డాక్టర్‌బాబునీ ఇద్దరినీ యాక్సిడెంట్లో చంపేసి, పిల్లల్ని పెద్ద చేసేశారు. కాగితం మీద మంచి ఆలోచనే. రాజోల్లో మా పెద్దమ్మ ఒప్పుకోవద్దూ? కొబ్బరాకుల ఈనెలు తీస్తూ, చేతిలో కత్తి ఆపకుండా సీరియల్ చూసే మనిషి. ఆ వారం కత్తి కింద పడేసి, "వంటలక్క లేకపోతే ఇంకెవర్ని చూడమంటాడ్రా వాడు?" అని నన్ను నిలదీసింది, నేనే రాసినట్టు.

ఇలాంటి పెద్దమ్మలు ఊరూరా ఉంటారు. గురువారం వచ్చే టీఆర్పీ అంకెల్లో ఉండేది వీళ్లే. మూడేళ్ల ముందుచూపుతో కథ రాసుకున్నా, ఆ గురువారం గండం గడవాలి. కొన్ని నెలలకే ఇద్దరూ బతికొచ్చారు.

2024 మార్చిలో అదే జంటతో, వేరే కథతో రెండో భాగం మొదలైంది. చచ్చినవాళ్లు ఎలా బతికారని మా వీధిలో అడిగినవాళ్లు లేరు.