75 టన్నుల బొమ్మలు

ఆదివారం పొద్దున పేపరు గుమ్మంలో పడగానే ఇంట్లో ముందు చేతులు మారేది లోపలున్న పుస్తకమే. పిల్లలు బొమ్మల పేజీ కోసం లాగుతారు. అమ్మ సీరియల్ దగ్గర మడతపెట్టి వంటింట్లోకి పట్టుకెళ్తుంది. తాతయ్య గళ్లనుడికట్టు నింపేదాకా ఇంకెవరికీ ఇవ్వడు. సోమవారానికి అది ఎవరికీ అక్కర్లేదు. నెల తిరిగేసరికి పాత పేపర్ల కట్టలో చేరి, తూకం వేసే మనిషి తక్కెట్లోకి వెళ్లిపోతుంది. ఇంకా ఏమైనా మిగిలితే బీరువాలో బట్టల కిందో, మిరపకాయ బజ్జీల పొట్లంగానో కనిపిస్తుంది. దాని గురించి ఎవరూ దిగులుపడరు.

అమెరికాలోనూ అంతే. అక్కడా ఒకప్పుడు ఆదివారం వస్తే రంగురంగుల బొమ్మల కథల అనుబంధం కోసం పిల్లలూ పెద్దలూ పోటీపడేవాళ్లు. చదవడం అయిపోగానే పారేసేవాళ్లు. అలా పారేసినవాటి కోసం దిగులుపడ్డ మనిషి ఒకాయన ఉన్నాడు. దిగులుపడి ఊరుకోలేదు... దాదాపు 30 ఏళ్లపాటు ఊరూరా తిరిగి ఏరుకొచ్చి ఇంటినిండా దాచాడు. చివరికి లెక్క చూస్తే 75 టన్నులు తేలింది. ఆయన పేరు బిల్ బ్లాక్‌బియర్డ్.

బ్లాక్‌బియర్డ్ అంటే నల్లగడ్డం. 300 ఏళ్ల కిందట అట్లాంటిక్‌లో ఓడలను దోచిన ఓ సముద్రపు దొంగకీ అదే పేరు. బిల్‌ది మాత్రం అసలు ఇంటిపేరే. 1926లో ఇండియానా రాష్ట్రంలోని లారెన్స్‌లో పుట్టాడు, కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున న్యూపోర్ట్ బీచ్‌లో పెరిగాడు. తోటి పిల్లలు పెంకులూ బిళ్లలూ పోగేసుకునే వయసులో ఈయన ఇరుగుపొరుగు గ్యారేజీల్లో పడివున్న పాత పేపర్లు అడిగి తెచ్చుకునేవాడు. వార్తల కోసం కాదు, అందులోని కామిక్ స్ట్రిప్‌ల కోసం. అంటే మూడు నాలుగు గళ్లలో రోజూ కొంచెం కొంచెంగా సాగే బొమ్మల కథలు, ఆదివారం అయితే పేజీ మొత్తం రంగుల్లో వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి ఐరోపాకి వెళ్లాడు. వచ్చాక కాలేజీలో చదివాడు. చవక పత్రికలకి కథలు రాశాడు. గొప్ప ఉద్యోగమంటూ ఏమీ చేయలేదు. బొమ్మల మీద మోజు మాత్రం పోలేదు.

పాత కామిక్స్ పోగుచేయడం అనగానే ఈరోజుల్లో గుర్తొచ్చేది వేలంపాటలు. 1938లో సూపర్‌మ్యాన్‌ని మొదటిసారి చూపించిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక అప్పట్లో 10 సెంట్లు. ఇప్పుడు అదే పుస్తకం నలగకుండా ఉంటే లక్షల డాలర్లు పలుకుతుంది. దాన్ని కొన్నవాళ్లు ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, మళ్లీ తెరవకుండా లాకర్‌లో పెడతారు. బ్లాక్‌బియర్డ్‌ది ఆ కోవ కాదు. ఆయన ఏరుకున్నదానికి అప్పట్లో ధరంటూ లేదు. చిత్తుకాగితం ధరే దాని ధర. పైగా ఆ పుస్తకాలకి అమ్మమ్మలాంటిది పేపర్లో వచ్చిన స్ట్రిప్పే. 1930ల్లో కామిక్ పుస్తకాలు మొదలైంది కూడా పేపర్లలో వచ్చిన స్ట్రిప్‌లనే మళ్లీ అచ్చేసి.

1960ల చివర్లో ఆయనకి ఓ కోరిక పుట్టింది... అమెరికా కామిక్ స్ట్రిప్‌ల చరిత్ర రాయాలని. పాత పేపర్లు తిరగేయడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రజా గ్రంథాలయానికి వెళ్లాడు. తీరా వెళితే, ఆ బైండు సంపుటాలను వదిలించుకునే ఏర్పాట్లు జరుగుతున్నాయి. దేశమంతటా పెద్ద గ్రంథాలయాలన్నిటిదీ అప్పుడు ఒకటే దారి. ప్రతి పేజీనీ చిన్న సైజులో ఫొటో తీసి మైక్రోఫిల్మ్ చుట్టలుగా భద్రపరచడం, అసలు కాగితాన్ని పారేయడం. చెక్కగుజ్జుతో చేసిన కాగితం ఎలాగూ పసుపెక్కి పొడి అయిపోతుందని వాళ్ల భయం. ఒక గది నిండా ఉన్న పేపర్లు ఒక చిన్న బీరువాలో పట్టేస్తే ఎవరికి చేదు!

చిక్కల్లా ఆ మైక్రోఫిల్మ్ నలుపు తెలుపుది కావడం.

1895లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఓ పిల్లాడు వచ్చాడు. గుండు, పెద్ద చెవులు, ఒంటి మీద పాదాలదాకా జారే పసుపు చొక్కా. పేదలుండే సందులో అల్లరి చేస్తూ తిరిగే ఆ ‘యెల్లో కిడ్’ని గీసింది ఔట్‌కాల్ట్ అనే చిత్రకారుడు. పేపరు అమ్మకాలు పెరగడం చూసి మరుసటి ఏడాదే పోటీ పత్రిక యజమాని హెర్‌స్ట్ ఆ చిత్రకారుణ్ని ఎక్కువ జీతమిచ్చి లాక్కున్నాడు. పాత పత్రిక ఊరుకుందా? ఇంకో చిత్రకారుడితో అదే పిల్లాణ్ని గీయించింది. ఒకే ఊళ్లో రెండు పేపర్లలో ఒకే పిల్లాడు! ఈనాటికీ అందరూ తిట్టుగా వాడే ‘ఎల్లో జర్నలిజం’ అన్న మాట ఆ చొక్కా రంగు నుంచే వచ్చిందంటారు. అంత కథ ఉన్న పసుపు చొక్కా మైక్రోఫిల్మ్‌లో చూస్తే మురికి బూడిద రంగు. 1905లో విన్సర్ మెకే మొదలుపెట్టిన ‘లిటిల్ నెమో’ అయితే మరీ అన్యాయం. ప్రతి ఆదివారం ఓ చిన్నవాడు నిద్రలో వింతలోకాలు తిరిగి, చివరి గడిలో మంచం మీంచి కిందపడి మేలుకునేవాడు. పేజీ అంతా పరుచుకునే ఆ కలలకి రంగే ప్రాణం. ఫిల్మ్‌లో మిగిలేది మసే.

బ్లాక్‌బియర్డ్ గ్రంథాలయం వాళ్లని అడిగాడు, పారేసేవి నాకిచ్చేయండని. ఒక్క మనిషికి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు. లాభాపేక్ష లేని సంస్థ అయితే ఇవ్వచ్చట. ఇంకొకరైతే ఉసూరుమంటూ ఇంటికి పోయేవారేమో. ఈయన మాత్రం కాగితాలు పెట్టి తానే ఓ సంస్థ అయిపోయాడు! 1968లో ‘శాన్‌ఫ్రాన్సిస్కో అకాడమీ ఆఫ్ కామిక్ ఆర్ట్’ పుట్టింది అలాగే. పేరు వింటే పాలరాతి మెట్లూ స్తంభాలూ గుర్తొస్తాయి. నిజానికి అది ఆయనా భార్యా కాపురముండే అద్దె ఇల్లు.

అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. ఏ ఊళ్లో గ్రంథాలయం సంపుటాలు వదిలించుకుంటోందని తెలిస్తే అక్కడికి. లాస్ ఏంజెలిస్, షికాగో, చివరికి దేశానికంతటికీ పెద్దదైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా. ఆ రోజుల్లో పేపర్లది ఇప్పటికన్నా పెద్ద సైజు. నెలకో రెండు నెలలకో కలిపి కుట్టిన ఒక్కో సంపుటం ఎత్తాలంటేనే నడుం పట్టేస్తుంది. అలాంటివి వందలు, ఆ తర్వాత వేలు. గ్యారేజీ నిండింది, కింది గది నిండింది, నడవా నిండింది. ఆ ఇంట్లో మనుషులు కాగితాల మధ్య దారి చేసుకుని బతికారు. భర్తకి ఇంత పిచ్చి ఉంటే సగం భారం మోసేది భార్యే అన్న సంగతి మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పోగుచేయడం ఒక ఎత్తు, పొందిక చేయడం ఇంకో ఎత్తు. అక్కడ ఒకే స్ట్రిప్‌ని ఏజెన్సీలు ఎన్నో ఊళ్ల పేపర్లకి అమ్మేవి. అదే కలిసొచ్చింది. ఒక ఊరి పేపర్లో పేజీ చిరిగిపోతే ఇంకో ఊరి పేపర్లో ఆ రోజు భాగం దొరుకుతుంది. అలా ఈ ఊరిదీ ఆ ఊరిదీ కలిపి, తేదీల వారీగా పేర్చి, ఒక్కో కథని మొదటి రోజు నుంచి చివరి రోజుదాకా అతికించుకుంటూ పోయాడు. కొన్ని కథలైతే 30, 40 ఏళ్లు నడిచినవి.

ఇందుకోసం ఆయన కత్తెర పట్టాడు. స్ట్రిప్‌లను పేపర్లోంచి కత్తిరించి తీశాడు. దీన్ని తప్పుపట్టినవాళ్లూ ఉంటారు. బొమ్మ పక్కనే ఆరోజు వార్త, బియ్యం ధర, సినిమా ప్రకటన ఉంటేనే కదా ఆ రోజు ఎలా ఉండేదో తెలిసేది! పేపర్లను కాపాడినాయనే వాటిని ముక్కలు చేశాడంటే కొంచెం గుచ్చుకునే మాటే. కానీ ఆయన తీసుకోకపోతే మిగిలేది పూర్తి పేపరు కాదు, చిత్తుకాగితం. ఇలాంటి కత్తెర తెలుగిళ్లకీ కొత్త కాదు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లని వారం వారం చింపి, దారంతో కుట్టి, అట్టవేసి బైండు చేయించుకున్న అమ్మమ్మలు ఎంతమంది లేరు! నవల తర్వాత పుస్తకంగా వచ్చి ఉండొచ్చు. పత్రికలో దానికి వేసిన బాపు బొమ్మలు మాత్రం చాలాసార్లు ఆ బైండుల్లోనే మిగిలాయి. 1947లో మొదలైన ‘చందమామ’ ఆగిపోయాక పాత సంచికల కోసం వెతికినవాళ్లకి దొరికినవి కూడా ఎవరో ఒకరి అటక మీద దాచుకున్నవే.

బ్లాక్‌బియర్డ్ దాచుకుని కూర్చునే రకం కాదు. అడిగినవాళ్లకి చూపించాడు, అచ్చుకి ఇచ్చాడు, తానూ రాశాడు. టీవీలో పాలకూర డబ్బా మింగి కండలు పెంచే పొపాయ్ అందరికీ తెలుసు. అతను పుట్టింది టీవీలో కాదు. 1919 నుంచి పేపర్లో నడుస్తున్న ఓ స్ట్రిప్‌లోకి 1929 జనవరిలో ఓడ నడపడానికి కిరాయికొచ్చిన నావికుడు. నాలుగు రోజులుండి వెళ్లిపోవాల్సినవాడు కథనే లాగేసుకున్నాడు. సూపర్‌మ్యాన్ కంటే ముందే వచ్చిన అసలైన సూపర్‌హీరో పొపాయేనని 1970లో బ్లాక్‌బియర్డ్ ఓ వ్యాసంలో వాదించాడు. ఆ మాట అనాలంటే పొపాయ్ తొలినాళ్ల స్ట్రిప్‌లన్నీ వరసగా చదివుండాలి. వరసగా ఉన్నది ఆయన ఇంట్లోనే!

1977లో మార్టిన్ విలియమ్స్‌తో కలిసి ఆయన తెచ్చిన ‘స్మిత్సోనియన్ కలెక్షన్ ఆఫ్ న్యూస్‌పేపర్ కామిక్స్’ పెద్ద సైజు పుస్తకం. తాతల కాలం బొమ్మలను కొత్తతరం చిత్రకారులు చాలామంది మొదటిసారి చూసింది అందులోనే. ‘క్రేజీ క్యాట్’ సంపుటాలకీ ఆయనే సంపాదకుడు. ఓ పిల్లి ఎలుకని ప్రేమిస్తుంది. ఎలుక ఇటుక పెట్టి కొడుతుంది. అది ప్రేమేనని పిల్లి మురిసిపోతుంది. పిల్లిని ప్రేమించే పోలీసు కుక్క ఎలుకని జైల్లో వేస్తుంది. అంతే కథ. జార్జ్ హెరిమన్ దీన్ని 1913 నుంచి 1944లో కన్నుమూసేదాకా గీశాడు. మేధావులు మెచ్చుకున్నారు గానీ వేసుకున్న పేపర్లు తక్కువ. అలాంటిదాన్ని మళ్లీ వరసగా అచ్చెయ్యాలంటే ఎక్కడ దొరుకుతుంది? జవాబు మళ్లీ ఆ అద్దె ఇల్లే. ఆయన రాసిన, కూర్చిన, చెయ్యేసిన పుస్తకాలు 200 దాటాయి.

అద్దె ఇల్లన్నాం కదా... 1997లో ఆ మాటే కొంపముంచింది. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆయనకి అప్పటికి 71 ఏళ్లు. సామాను సర్దుకుని ఇంకో ఇల్లు చూసుకోవడం ఎవరికైనా తలనొప్పే. ఈయన సామాను 75 టన్నులు! అంత కాగితాన్ని మోసే ఇంకో ఇల్లు అద్దెకెక్కడ దొరుకుతుంది? విడివిడిగా అమ్మేస్తే డబ్బొచ్చేదేమో గానీ, 30 ఏళ్లు కూర్చిన వరస 30 రోజుల్లో చెదిరిపోయేది.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ముందుకొచ్చింది. అక్కడి కార్టూన్ల గ్రంథాలయం 1977లో చిత్రకారుడు మిల్టన్ కానిఫ్ తన కాగితాలు ఇవ్వడంతో మొదలైంది. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆరు పెద్ద లారీలు బయల్దేరాయి. దేశానికి ఆ చివర నుంచి మూడొంతుల దూరం దాటి కొలంబస్ నగరం చేరాయి. దించి లెక్కేస్తే కత్తిరింపులూ పేజీలూ కలిపి 25 లక్షలు. అన్నిటినీ విప్పి సర్దడానికి అక్కడి సిబ్బందికి ఏళ్లు పట్టింది.

కాగితం పొడి అయిపోతుందన్న భయం సంగతి కూడా చెప్పాలి. 2001లో నికల్సన్ బేకర్ అనే రచయిత ‘డబుల్ ఫోల్డ్’ అనే పుస్తకంలో గ్రంథాలయాలు పేపర్లను పారేసిన తీరుని కడిగిపారేశాడు. బైండు చేసి, వెలుతురు తగలకుండా ఉంచిన పేపర్లు అంత తేలిగ్గా పాడైపోవని ఆయన వాదన. పారేసినవాటిని కాపాడిన కొద్దిమందిలో బ్లాక్‌బియర్డ్ గురించీ రాశాడు. గ్రంథాలయాలవాళ్లు ఆ పుస్తకానికి గట్టిగానే బదులిచ్చారు. జాగా కరువు వాళ్లకి నిజంగానే ఉంది. వాదన ఎటు తేలినా, పోయిన రంగులు ఫిల్మ్‌లోంచి తిరిగి రావు.

పెట్టెలన్నీ వెళ్లిపోయాక బ్లాక్‌బియర్డ్ కాలిఫోర్నియాలోనే ఉండిపోయాడు. 2011 మార్చి 10న వాట్సన్‌విల్‌లో, 84వ ఏట కన్నుమూశాడు. పత్రికల కోసం జీవితం ధారపోసిన మనిషి పోయిన వార్త పత్రికల్లోకి రావడానికి వారాలు పట్టింది. 2012లో కామిక్స్ రంగం ఆయన పేరుని ఐస్నర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. కుంచె పట్టి పేరు తెచ్చుకున్నవాళ్ల మధ్య, కత్తెర పట్టిన ఈయన!

2013లో ఆ గ్రంథాలయం కొత్త భవనంలోకి మారింది. ఇప్పుడు దాని పేరు బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీ అండ్ మ్యూజియం. పెద్ద పరిశోధకులే కానక్కర్లేదు, ఆసక్తి ఉన్న ఎవరైనా వెళ్లి అడగొచ్చు. పేరూ తేదీ చెబితే లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెడతారు. పాత పేపరు కదా, పేజీ చాలా పెద్దది. రెండు చేతులతో నెమ్మదిగా తిప్పాలి.